మెడికల్ అసిస్టెంట్లకి చట్టం, ఎథిక్స్, ఫస్ట్ ఎయిడ్: మూడూ ఒకే పేపర్‌లో ఎలా చెప్తున్నారు?

కొత్త_పాఠం:

అందరికీ నమస్కారం. చాలాకాలం వార్డులో పనిచేసి ఈమధ్యే టీచింగ్‌లోకి వచ్చాను. మెడికల్ అసిస్టెంట్ కోర్సులో నాకిచ్చిన పేపర్ పేరు చదవడానికే ఊపిరి ఆడదు: వైద్య చట్టం, నైతికత, ప్రథమ చికిత్స. ఈ మూడింటినీ ఒకే పేపర్‌లో ఎందుకు కుక్కారో తెలీదు గానీ ఇప్పుడది నా నెత్తిన పడింది.

చట్టం చెప్పే రోజు సగం క్లాసు నిద్రలో ఉంటుంది. నిర్లక్ష్యం అంటే ఏమిటో రాయమంటే తు.చ. తప్పకుండా రాస్తారు. అదే "డాక్టర్ ఇంకా రాలేదు, పేషెంట్ నొప్పితో అల్లాడుతున్నాడు, అల్మారాలో ఉన్న మాత్ర ఇవ్వమని బతిమాలుతున్నాడు, ఇస్తావా?" అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఎథిక్స్ ఇంకా ఘోరం. ఏ ప్రశ్న వేసినా "పేషెంట్ గోప్యత కాపాడాలి" అని ఒకటే జవాబు, క్లాసు వదలగానే అదే పిల్లలు లిఫ్టులో నిలబడి పోస్టింగ్‌లో చూసిన కేసు గురించి బెడ్ నంబరుతో సహా గట్టిగా మాట్లాడుకుంటారు. ఫస్ట్ ఎయిడ్ రోజు మాత్రం మహా హుషారు, బొమ్మ ఛాతీ నొక్కడం, ఒకరికొకరు కట్లు కట్టుకోవడం, ఫోటోలు దిగడం.

మొన్న ఒకమ్మాయి మంచి ప్రశ్న వేసింది. పేషెంట్ ఫోన్ చేసి "నా రిపోర్టులో ఏముందో చదివి చెప్పమ్మా" అంటే చెప్పొచ్చా అని. అతని రిపోర్టే కదా, చెప్తే తప్పేంటని సగం మంది, నోరెత్తకూడదని సగం మంది. గంట అయిపోయింది గానీ గొడవ తేలలేదు. నిజం చెప్పాలంటే ఆ పేపర్ మొత్తంలో క్లాసు మెలకువగా ఉన్న గంట అదొక్కటే.

చట్టం ఎంత లోతుకి చెప్పాలి, ఏది ముందు ఏది వెనక, పరీక్ష ఎలా పెట్టాలి? ఇప్పటికే చెప్తున్నవాళ్ళు ఉంటే కాస్త చెప్పండి.


వార్డు_సిస్టర్:

ముందు ఆ ఫోన్ సంగతి చూద్దాం. మీ క్లాసులో రెండు వర్గాలూ ఒక మెట్టు వదిలేశాయండీ, అవతల మాట్లాడుతున్నది ఆ పేషెంటే అని ఎలా తెలుసు? గొంతు గుర్తుపట్టాను అంటే చెల్లదు. పూర్తి పేరు, పుట్టిన తేదీ లాంటివి కనీసం రెండు అడిగి రికార్డుతో సరిచూడాలి, రికార్డులో ఉన్న నంబరుకే మనం తిరిగి ఫోన్ చేస్తే ఇంకా మంచిది. అది తేలిన తర్వాత కూడా ఏ రిపోర్టులు ఫోన్‌లో చెప్పొచ్చు, ఎవరు చెప్పాలి అన్నది ఆ క్లినిక్ రాసిపెట్టుకున్న పద్ధతిని బట్టే. అనుమతి ఉందనుకుందాం, అప్పుడు అంకె చదివి ఆగిపోవాలి. "అబ్బే, కంగారేం లేదు, కొంచెం ఎక్కువుంది అంతే" అన్నారంటే రోగ నిర్ణయంలోకి కాలు పెట్టినట్టే, అది వాళ్ళ పని కాదు. కంగారుపడుతున్న మనిషికి ధైర్యం చెప్పాలని ఎవరికైనా నోటిదాకా వస్తుంది, అందుకే "దీని అర్థం డాక్టర్‌గారే చెప్పాలి, ఆయనతో ఇవాళే మాట్లాడిస్తాను" లాంటి వాక్యం ఒకటి ముందే నోటికి అలవాటు చేయించాలి. తర్వాత ఎవరు ఫోన్ చేశారు, ఏం చెప్పాం, ఎన్నింటికి అన్నది రికార్డులో పడాలి.

చూశారా, ఒక్క ఫోన్ కాల్‌లో గోప్యత, పని హద్దు, రికార్డు మూడూ వచ్చేశాయి. నేనైతే చాప్టర్ల వరస పక్కన పెట్టి అసిస్టెంట్ రోజంతా చేసే పనుల వరసలో చెప్తాను. కౌంటర్ దగ్గర పేరు పిలవడం, బీపీ చూడడం, రక్తం తీయడం, కన్సెంట్ ఫారం మీద సంతకం చేయించడం, ఫైలు సర్దడం. ప్రతి పని దగ్గరా ఆగి ఇక్కడ ఏం తప్పు జరగొచ్చు అని అడగండి, చట్టం దానంతటదే బయటికొస్తుంది.

కన్సెంట్ ఫారం దగ్గర మాత్రం ఎక్కువసేపు నిలబడండి. ఎక్కువగా జారిపడే చోటు అది. ఆపరేషన్ ఏమిటి, లాభనష్టాలేమిటి, వేరే దారులేమున్నాయి, చేయించుకోకపోతే ఏమవుతుంది అన్నవి వివరించాల్సింది డాక్టరు. అసిస్టెంట్ సాక్షి సంతకం పెడితే దానర్థం ఈ మనిషి నా ఎదుట సంతకం చేశాడు అని మాత్రమే. సంతకం పెడుతూ పెడుతూ పేషెంట్ "ఇంతకీ ఇందులో ఏం చేస్తారమ్మా?" అన్నాడంటే పెన్ను వెనక్కి తీసుకుని డాక్టర్‌ని పిలవాల్సిందే. వెనక క్యూ ఎంత ఉన్నా సరే.

రికార్డులో తప్పు పడితే వైట్‌నర్ పూయడం, గీకేయడం, పేజీ చింపడం ఉండకూడదు. పాత రాత కనిపించేలా ఒకే గీత కొట్టి, పక్కన సరైనది రాసి, తేదీ, టైము, పొట్టి సంతకం. కంప్యూటర్ రికార్డయితే ఎవరి లాగిన్‌తో వాళ్ళే రాయాలి, పక్కవాళ్ళ పాస్‌వర్డ్ మనకు తెలియనే కూడదు.


నల్లకోటు_మానేశా:

కొన్నాళ్ళు కోర్టుల చుట్టూ తిరిగి ఇప్పుడు పారామెడికల్ పిల్లలకి ఇదే సబ్జెక్టు చెప్తున్నాను కాబట్టి నాలుగు మాటలు.

సెక్షన్ నంబర్లు బట్టీ పట్టించకండి. చట్టం దేశానికొక రకంగా ఉంటుంది, ఒక్కోచోట రాష్ట్రానికొక రకంగా ఉంటుంది, పైగా మారుతూ ఉంటుంది. మీ పిల్లలు పనిచేయబోయే చోటి నిబంధనలు పేజీల లెక్కన కాక వాక్యాల లెక్కన ఇచ్చి, అసలు టైము కేసులకి పెట్టండి. కేసు అంటే కథ, కథకి నిద్ర రాదు.

సమ్మతి చెప్పాలంటే నేను మొదలుపెట్టేది 1891 నాటి ఓబ్రయన్ కేసుతో. బోస్టన్ వెళ్తున్న ఓడలో ఆడవాళ్ళంతా మశూచి టీకా కోసం వరసలో నిలబడ్డారు. ఒకావిడ నాకు ఇంతకుముందే టీకా వేశారంది, మచ్చ కనబడలేదు మళ్ళీ వేయించుకోవాలన్నాడు ఓడ డాక్టరు, ఆవిడ మారు మాట్లాడకుండా చేయి చాపింది, వేశాడు. తర్వాత నా ఇష్టం లేకుండా వేశారని ఓడ కంపెనీ మీద కేసు వేసింది, మసాచుసెట్స్ కోర్టు ఒప్పుకోలేదు. ఆవిడ నడతను చూసినవాళ్ళెవరైనా ఒప్పుకుందనే అనుకుంటారని తేల్చింది. దీని మీద క్లాసుని వాదించుకోనివ్వండి. రక్తం తీయడానికి వెళ్ళినప్పుడు పేషెంట్ చొక్కా చేయి పైకి మడిచాడంటే ఏమిటి? మడిచి, సూది చూడగానే చేయి వెనక్కి లాక్కున్నాడంటే ఏమిటి? ఆ రెండో ప్రశ్న దగ్గర అసలు పాఠం మొదలవుతుంది.

తర్వాత 1905లో మిన్నెసోటాలో మోర్ కేసు. కుడి చెవికి ఆపరేషన్ అని ఒప్పుకుంది ఆవిడ. మత్తిచ్చాక చూస్తే ఎడమ చెవే ఎక్కువ పాడైందని డాక్టరు ఎడమ చెవికి చేశాడు. పని బాగానే చేశాడు కూడా. అయినా అనుమతి లేకుండా ఒంటి మీద చేయి వేసినట్టేనని కోర్టు చెప్పింది. "మంచికే చేశాం కదా" అన్న మాట ఎంతవరకు పనికొస్తుందో పిల్లలకి ఇక్కడ అర్థమవుతుంది. మన సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో చెప్పింది కూడా దగ్గరదగ్గర ఇదే. లోపల పరీక్ష చేసి చూడడానికి ఒప్పుకున్న ఆవిడ మత్తులో ఉండగా సహాయక డాక్టరు బయటికొచ్చి తల్లి దగ్గర సమ్మతి తీసుకున్నారు, గర్భసంచి తీసేశారు. ప్రాణం మీదికొచ్చిన అత్యవసరం కాదు, ఆవిడ మేజరు, తెలివిలోకి వచ్చేదాకా ఆగి ఆవిడనే అడగాల్సింది, తల్లి సమ్మతి చెల్లదు అంది కోర్టు. తీర్పు డాక్టర్ల గురించే గానీ, ఫారం పట్టుకుని బంధువుల దగ్గరికి పరుగెత్తే పని రేపు మీ పిల్లలకే పడుతుంది.

నిర్లక్ష్యానికి నిర్వచనం వద్దు, నాలుగు ప్రశ్నలు చాలు. చూసుకోవాల్సిన బాధ్యత ఉందా, అందులో లోటు జరిగిందా, నష్టం జరిగిందా, ఆ నష్టం ఆ లోటు వల్లేనా. నాలుగూ పడితేనే నిర్లక్ష్యం నిలబడుతుంది. ఇక ఒక అపోహ తప్పకుండా తీసేయండి: "తప్పు జరిగితే డాక్టరో ఆస్పత్రో చూసుకుంటుంది, నాకేం కాదు". ఉద్యోగి పనిలో చేసిన తప్పుకి యజమాని బాధ్యుడవుతాడన్న సూత్రం చాలా దేశాల్లో ఉంది, దాని వల్ల ఉద్యోగి బాధ్యత మాఫీ అయిపోదు. మీరడిగిన మాత్ర ప్రశ్నకి జవాబు కూడా ఇందులోనే ఉంది. మందు రాసే అధికారం లేనివాడు ఆదేశం లేకుండా మాత్ర ఇచ్చాడంటే జాలితో ఇచ్చాడా బద్ధకంతో ఇచ్చాడా అని ఎవరూ అడగరు. అతను చేయాల్సింది ఇవ్వగలిగినవాళ్ళని గబగబా వెతకడం, ఆలస్యమైతే ఇంకొకరికి చెప్పడం.


సైరన్:

అంబులెన్స్‌లో పనిచేస్తాను. పైవాళ్ళు చట్టం బాగా చెప్పారు గానీ ఫస్ట్ ఎయిడ్ దగ్గర నాది వేరే మాట. అన్నీ కలిపి చెప్పాలన్న సరదాలో దాన్ని చర్చగా మార్చకండి. చేతులకి రావాల్సిన పని అది. ముందు విడిగా, ఏ కథా లేకుండా, బొమ్మ మీద చెమట పట్టేదాకా చేయించాలి. గుండె ఆగినప్పుడు చేసే సీపీఆర్‌లో, పెద్దవాళ్ళకైతే ఛాతీ 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు దిగాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేచాకే మళ్ళీ నొక్కడం, 30 నొక్కులకి 2 ఊపిర్లు, రెండు నిమిషాలకోసారి మనిషి మారడం. బలంగా ఉన్న కుర్రాడు కూడా తెలీకుండానే లోతు తగ్గించేస్తాడు, అలుపు వచ్చిందని అతనికి తెలిసేలోపే నొక్కుడు పలచబడుతుంది.

ఎక్కువ క్లాసుల్లో వదిలేసేది ఎగశ్వాస. గుండె ఆగిన మనిషి మొదటి నిమిషాల్లో నోరు తెరిచి అప్పుడొకటి అప్పుడొకటి ఎగపీలుస్తాడు, గురకలా కూడా వినిపిస్తుంది. చూసినవాళ్ళు "ఊపిరుంది కదా" అని ఆగిపోతారు. అది ఊపిరి కాదు. పలకడం లేదు, శ్వాస మామూలుగా లేదు అంటే మొదలుపెట్టడమే, చూడడానికి 10 సెకన్లు దాటకూడదు. ఒకరు నొక్కుతుంటే ఇంకొకరు ఏఈడీ, అంటే గుండెకి షాక్ ఇచ్చే పెట్టె, తేవాలి. మీ క్లినిక్‌లో ఏఈడీ ఏ గోడకి ఉందో క్లాసులో ఎవరికైనా తెలుసేమో అడిగి చూడండి, సరదాగా ఉంటుంది.

ఇంకోటి, రోడ్డు మీద యాక్సిడెంట్లు ఊహించుకుని నేర్పకండి, వీళ్ళు పనిచేసేది క్లినిక్‌లో. అక్కడ జరిగేవి వేరు. రక్తం తీస్తుంటే కళ్ళు తిరిగి పడిపోవడం: ముందు చేతికి బిగించిన కట్టు వదిలి సూది తీసేయాలి, తల కొట్టుకోకుండా పట్టుకుని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తాలి, లేచాను బాగున్నాను అన్నా వెంటనే పంపకూడదు. ఫిట్స్: టైము చూడాలి, చుట్టూ తగిలేవి జరపాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, గట్టిగా అదిమి పట్టకూడదు, ఆగాక పక్కకి తిప్పాలి, 5 నిమిషాలు దాటితే అత్యవసరం. కాలితే చల్లని పారే నీళ్ళ కింద 20 నిమిషాలు, ఐసు వద్దు, పేస్టు వద్దు. ఇంజెక్షన్ తర్వాత దద్దుర్లు, గొంతు బిగుసుకోవడం, బీపీ పడిపోవడం వస్తే పడుకోబెట్టి ఉంచాలి, లేపి నడిపించకూడదు, మరీ ఆయాసమైతే కాళ్ళు చాపి కూర్చోనివ్వొచ్చు. తొడ బయటి కండకి ఎడ్రినలిన్ ఇంజెక్షన్ ఎంత త్వరగా పడితే అంత మంచిది. అసిస్టెంట్ అది ఇవ్వొచ్చా లేదా అన్నది మాత్రం నల్లకోటు గారి ఖాతా.

పిల్లలకి సూది గుచ్చుకోవడం గురించి కూడా చెప్పండి, ఫస్ట్ ఎయిడ్ అంటే ఎప్పుడూ పేషెంట్‌కే అనుకుంటారు. సబ్బు, నీళ్ళతో కడగాలి, పిండకూడదు, బ్లీచ్ లాంటివి పోయకూడదు, వెంటనే పై వాళ్ళకి చెప్పాలి. హెచ్ఐవీ రాకుండా వాడే మందులు గంటల్లోనే మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే ఇవ్వరు. తిడతారని దాచిపెడతారు చూడండి, ప్రమాదం అక్కడుంది.


ఓపీ_కౌంటర్:

నేను ఈ కోర్సు చదివి ఉద్యోగం చేస్తున్నదాన్ని. ఎథిక్స్ గురించి ఎవరూ మాట్లాడలేదు, అందుకే రాస్తున్నా.

మాకు టస్కీగీ చెప్పారు. 1932లో అమెరికా ప్రజారోగ్య శాఖ అలబామాలో దాదాపు 600 మంది నల్లజాతి మగవాళ్ళ మీద మొదలుపెట్టిన సిఫిలిస్ అధ్యయనం, పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వకుండా 1972 దాకా సాగించారు. విని అయ్యో అనుకున్నాం, పరీక్షలో రాశాం, మర్చిపోయాం. అది ఎవరో చెడ్డ డాక్టర్ల కథలా వినిపించింది మరి. మాకు చెప్పకుండా వదిలేసిన ముక్క తర్వాతెప్పుడో చదివాను. అక్కడ ఆ పేషెంట్లని కార్లో ఎక్కించుకొచ్చి, మంచీచెడూ కనుక్కుని, ఏళ్ళ తరబడి వాళ్ళ నమ్మకం సంపాదించుకున్న మనిషి యూనిస్ రివర్స్ అనే నర్సు. ఇది తప్పని 1966లోనే పై అధికారులకి రాసిన పీటర్ బక్స్‌టన్ కూడా డాక్టర్ కాదు, సుఖవ్యాధుల పేషెంట్లని ఇంటర్వ్యూ చేసే ఉద్యోగి. పట్టించుకోకపోతే చివరికి విలేకరికి చెప్పాడు, అది పేపర్లో వచ్చాకే ఆగింది. కింది స్థాయి ఉద్యోగులు ఇద్దరు, ఒకే శాఖ, రెండు దారులు. ఇలా చెప్పి ఉంటే ఆ రోజు క్లాసు వేరేగా ఉండేదేమో.

రోజువారీవి ఇంకా చిన్నగా ఉంటాయండీ. రద్దీగా ఉన్నప్పుడు "బీపీ పోయినసారిదే వేసెయ్, మళ్ళీ చూడక్కర్లేదు" అని సీనియర్ అంటారు. తెలిసినవాళ్ళ అబ్బాయి రిపోర్టు వచ్చిందేమో చూడమని ఇంట్లోవాళ్ళే అడుగుతారు. వెయిటింగ్ హాల్లో పేరుతో పాటు జబ్బు కూడా కేకేసి పిలుస్తారు. ఇలాంటివి తెచ్చి, సీనియర్‌తో ఏమని చెప్తావో నోటితో చెప్పించండి. అది తప్పని అందరికీ తెలుసు, ఉద్యోగం పోకుండా ఎలా చెప్పాలో తెలీక నోరు మూసుకుంటారు. "నేను చూసి రాసేస్తానండీ, నిమిషమే" అనడం కూడా నేర్పాల్సిందే.


కొత్త_పాఠం:

ఇంత వస్తుందని అనుకోలేదు, అందరికీ థాంక్స్. ఓపీ కౌంటర్ గారి బీపీ ఉదాహరణ నిన్ననే క్లాసులో వాడేశాను, ఇద్దరు చేయెత్తి "మేడమ్, మాకు పోస్టింగ్‌లో అలాగే చెప్పారు" అన్నారు.

ఒక డౌటు. ఫస్ట్ ఎయిడ్‌లో సమ్మతి సంగతి? పడిపోయినాయన తెలివిలోకి వచ్చి "నన్ను ముట్టుకోవద్దు, ఇంటికెళ్తా" అంటే?


నల్లకోటు_మానేశా:

తెలివి లేకుండా పడి ఉంటే, ప్రాణం కాపాడే పనికి ఒప్పుకుంటాడనే అనుకుని చేయొచ్చు, చాలాచోట్ల చట్టం అదే చెప్తుంది. తెలివిలో ఉండి, అర్థం చేసుకోగలిగి, వద్దన్న పెద్దమనిషిని బలవంతంగా పట్టుకోకూడదు. కానీ తల దెబ్బ, షుగర్ పడిపోవడం, మత్తు, ఇలాంటివి ఉన్నప్పుడు "వద్దు" అన్నది ఎంతవరకు ఆయన మాటో చూడాలి. ఆ తేల్చే పని అసిస్టెంట్‌ది కాదు. డాక్టర్‌ని పిలవడం, ఆయన వచ్చేదాకా మాటల్లో కూర్చోబెట్టడం వీళ్ళ పని. ఇంకోటి, దారిన పోతూ సాయం చేసినవాళ్ళని కాపాడే చట్టాలు ఉన్నాయి కదా అని పిల్లలు అంటారు. అవి ఎక్కువగా అడక్కుండా, జీతం లేకుండా సాయపడేవాళ్ళ కోసం. డ్యూటీలో ఉన్న ఉద్యోగి అదే గొడుగు కిందకి వస్తాడని అనుకోకూడదు.


వార్డు_సిస్టర్:

సైరన్ గారితో సగం ఒప్పుకుంటా. ముందు చేతులకి విడిగా నేర్పాలి, నిజమే. కానీ చివర్లో ఒక్కసారైనా కలపకపోతే క్లినిక్‌లో కలిసొచ్చినప్పుడు తడబడతారు. నేను చేయించే డ్రిల్ ఇలా ఉంటుంది. ఒకరు రక్తం తీయించుకుంటూ పడిపోతారు. ఇంకొకరు బంధువు, ఫోన్‌తో వీడియో తీస్తూ "ఏం చేశారు మా వాడిని" అని అరుస్తారు. మూడో మనిషి వెయిటింగ్ హాల్లోంచి తొంగిచూసి "ఏం జబ్బండీ ఆయనకి?" అంటారు. అసిస్టెంట్ పేషెంట్‌ని చూసుకోవాలి, కేకేసి సాయం పిలవాలి, కర్టెన్ వేయాలి, బంధువుకి తనకి తెలిసింది మాత్రం చెప్పాలి. "ఏం కాదు" అని హామీ ఇవ్వకూడదు, తప్పు ఇంకొకరి మీదకి నెట్టకూడదు. అయిపోగానే కూర్చుని రికార్డు రాయాలి: ఎన్నింటికి, ఏం చూశాను, ఏం చేశాను, ఎవరికి చెప్పాను, పేషెంట్ ఏమన్నాడు. "భయంతో పడిపోయాడు" అని రాస్తే మార్కు పోయినట్టే, అది వాళ్ళ ఊహ. "సూది గుచ్చగానే ముఖం పాలిపోయింది, చెమట పట్టింది, పిలిస్తే పలకలేదు" అని రాయాలి.


సైరన్:

అలాగైతే నాకూ ఓకే సిస్టర్. ఒక్కటే, ఆ డ్రిల్‌లో ఎప్పుడో ఒకసారి చెప్పకుండా పడిపోయినాయన్ని గుండె ఆగిన కేసుగా మార్చండి, ఎగశ్వాస రికార్డింగ్ పెట్టండి. ఎంతమంది కాళ్ళు ఎత్తి పట్టుకుని కూర్చుంటారో చూద్దురుగాని. పరీక్ష గురించి అడిగారు కదా, సీపీఆర్‌కి మార్కులు వద్దు, లోతూ వేగం వస్తే పాస్, రాకపోతే మళ్ళీ చేయాలి. ఒకసారి పాసైతే ఇక అయిపోయినట్టు కాదు, నెలల్లోనే చేతులు మర్చిపోతాయి, అందుకని కోర్సు అంతా అప్పుడప్పుడు ఐదేసి నిమిషాలు బొమ్మ దగ్గరికి పంపండి.


కొత్త_పాఠం:

బొమ్మ తాళం స్టోర్‌రూమ్‌లో, స్టోర్ ఇన్‌చార్జి దగ్గర ఉంటుంది, రెండు రోజుల ముందు లెటర్ పెట్టాలి. అది మార్పించే పని రేపు మొదలుపెడతా. రాత పరీక్షలో నిర్వచనాలు సగానికి తగ్గించి, పైన చెప్పిన ఫోన్ కాల్, కన్సెంట్ ఫారం లాంటివి ప్రశ్నలుగా పెడుతున్నాను. పేపర్ తయారయ్యాక ఇక్కడ పెడతా, తప్పులుంటే చెప్పండి.